పందికొక్కు, దాని దూరపు చుట్టాలు: గింజను కాపాడే పాఠం

పోయిన రంజాన్ నెల మొదటి వారంలో మన సొసైటీ సామాన్ల గది తలుపు తీసినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. బీద కుటుంబాలకు పంచడానికి దాతలు ఇచ్చిన బియ్యం బస్తాలు గోడవారగా పేర్చి పది రోజులైంది. అడుగు వరసలో మూడు బస్తాలు సగానికి జారిపోయి ఉన్నాయి. గోనె చిరిగి, బియ్యం నేల మీద పరుచుకుని, వాటిలో పెంటికలు కలిసి ఉన్నాయి. గది మూలన, గచ్చు పగిలిన చోట, తట్టెడు ఎర్రమట్టి కుప్పగా పోసి ఉంది.

గది ఊడవడానికి వచ్చిన పెద్దామె పొలం పనులు చేసి బతికిన మనిషి. ఆ మట్టి చూడగానే, "సిట్టెలుక పని కాదు మాస్టారూ, ఇది కొక్కు. ఎంత మట్టి తోడేసిందో సూడండి" అంది.

ఆ మూడు బస్తాల్లో మిగిలిన బియ్యం కూడా ఎవరికీ పెట్టలేక పారబోశాం. ఫిత్రా కింద, సదఖా కింద ఇచ్చిన గింజ మన చేతిలో అమానత్. దాన్ని చెత్తకుండీ పాలు చెయ్యడం ఆ రోజు అక్కడున్న అందరికీ బాధ కలిగించింది. కమిటీలో కొందరు మందు పెడదామన్నారు, కొందరు పిల్లిని పెంచుదామన్నారు. నేను హైస్కూల్లో ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. దాని ఒళ్ళు ఎలాంటిదో, దాని వంశం ఏమిటో తెలుసుకోకుండా దానితో పోరాడితే ఖర్చు మనది, గింజలు దానివి అన్నాను. అయితే ఆ సంగతే ఈ సంచికలో దాతలందరికీ రాయండి అన్నారు. అదే ఈ పాఠం. చివర్లో మీ విరాళంతో సంబంధం ఉన్న మాట కూడా ఒకటి ఉంది.

సముద్రాలు దాటిన మన మాట

ముందు పేరు సంగతి. పంది, కొక్కు అనే రెండు తెలుగు మాటలు కలిసి పందికొక్కు అయింది. కోపం వస్తే వీపు మీద ముతక వెంట్రుకలు నిక్కబొడుచుకుని పందిలా గురగురలాడుతుంది కాబట్టి ఆ పేరు తగిలింది. అంతే తప్ప పందికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. మన దేశానికి వచ్చిన ఆంగ్లేయులు ఈ మాటను విని తమ నోటికి తిరిగినట్టు 'బాండికూట్' చేసుకున్నారు. తర్వాత ఆస్ట్రేలియాలో మూతి పొడవుగా ఉండి నేలను తవ్వుకుని తినే ఒక చిన్న జంతువును చూసి, ఇదీ అలాంటిదే అనుకుని దానికీ ఆ పేరే పెట్టారు. నిజానికి ఆస్ట్రేలియా బాండికూట్ ఎలుక జాతి కానే కాదు. అది కంగారూలాగా పిల్లల్ని సంచిలో పెంచే జంతువు. అంటే మన తెలుగు మాట ఒకటి, ఎలుక కాని జంతువు నెత్తిన కూర్చుని ప్రపంచమంతా తిరుగుతోందన్నమాట.

శాస్త్రవేత్తలు పందికొక్కుల ప్రజాతికి పెట్టిన పేరులో కూడా మన మాటే ఉంది. పొలాల్లో, గిడ్డంగుల్లో ఎక్కువగా కనిపించే చిన్న పందికొక్కు బాండికోటా బెంగాలెన్సిస్. ఊళ్ళలో కాలవల పక్కన, పశువుల శాలల దగ్గర తిరిగే పెద్ద పందికొక్కు బాండికోటా ఇండికా. ఈ మధ్య మురుగు మ్యాన్‌హోళ్ళలో మనిషి దిగకుండా శుభ్రం చేసే యంత్రాన్ని కేరళలో తయారుచేశారు. 2018లో తిరువనంతపురంలో మొదట వాడిన ఆ రోబోకు పెట్టిన పేరు కూడా బాండికూటే. భూమి లోపల పనిచెయ్యడంలో ఈ జంతువుకున్న నేర్పు అలాంటిది.

ఇక్కడ పిల్లలకు నేను ఎప్పుడూ చెప్పే మొదటి సూత్రం ఒకటుంది. చూడ్డానికి ఒకేలా ఉన్నంత మాత్రాన చుట్టాలు కావు. వేరుగా కనిపించినంత మాత్రాన పరాయివీ కావు. ఈ సూత్రం మన సామాన్ల గదికి కూడా పనికొస్తుంది. ఎలాగో ముందు ముందు చూద్దాం.

కొరకకపోతే బతకలేని నోరు

పాలిచ్చి పిల్లల్ని పెంచే జంతువుల్లో నూటికి సుమారు నలభై జాతులు కొరికే జంతువులే. ఎలుక, ఉడుత, ఏదుపంది, చుంచు అన్నీ ఈ వర్గంలోవే. వీటన్నిటికీ ఉమ్మడి గుర్తు ముందు పళ్ళు. పైన రెండు, కింద రెండు కొరుకుడు పళ్ళు. కోరపళ్ళు ఉండవు. కొరుకుడు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య పెద్ద ఖాళీ ఉంటుంది.

ఆ కొరుకుడు పళ్ళు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ఎలుక పన్ను ఏడాదికి పది సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. అరగదీసుకోకపోతే వంకర తిరిగి నోరు మూసుకోవడానికి కూడా వీలుండదు. కాబట్టి ఆకలి ఉన్నా లేకపోయినా అది ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి. పన్ను కట్టుబడి మరీ విచిత్రం. గట్టి ఎనామిల్ పొర పంటి ముందువైపే ఉంటుంది, వెనకవైపు మెత్తని డెంటిన్. వెనక భాగం త్వరగా అరిగి, ముందు భాగం నిలబడి, పన్ను ఎప్పుడూ వడ్రంగి ఉలిలా పదునుగా ఉంటుంది. సాన పట్టే పని కొరకడంలోనే జరిగిపోతుంది. చాలా ఎలుకల పళ్ళు నారింజ రంగులో కనిపించడానికి కారణం ఎనామిల్‌లో ఉన్న ఇనుము.

కింది దవడ ముందుకు జరిగితే కొరుకుడు పళ్ళు కలుస్తాయి, వెనక్కి జరిగితే దవడ పళ్ళు కలుస్తాయి. రెండు పనులూ ఒకేసారి జరగవు. కొరికేటప్పుడు చెంపల చర్మం ముడుచుకుని పళ్ళ వెనక తలుపులా మూసుకుంటుంది. దానివల్ల మట్టీ సిమెంటు పొడీ గొంతులోకి పోవు. గోనె, చెక్క, ప్లాస్టిక్, మెత్తటి సిమెంటు, కరెంటు తీగ తొడుగు ఏవీ ఈ ఉలి ముందు నిలవవు. రాత్రి పడుకునే ముందు దీపాలు ఆర్పమనీ, ఎలుక వత్తిని లాక్కెళ్ళి ఇంటికి నిప్పు తెస్తుందనీ హదీసులో వచ్చిన హెచ్చరిక మనలో చాలామందికి తెలుసు. ఈనాడు వత్తి దీపాలు లేకపోయినా, కొరికిన కరెంటు తీగ నుంచి పుట్టే నిప్పు ఉండనే ఉంది.

అయితే ఈ నోటికి ఒక బలహీనత కూడా ఉంది. ఉలి దిగాలంటే అంచు కావాలి. చదునుగా, నున్నగా, అంచు దొరకని రేకు మీద పన్ను జారిపోతుంది. ఈ మాట గుర్తుంచుకోండి.

తవ్వడానికి తయారైన ఒళ్ళు

చిట్టెలుకనూ పందికొక్కునూ పక్కపక్కన ఊహించుకోండి. పందికొక్కుకు మూతి పొట్టి, మెడ లావు, భుజాలు బలంగా ఉంటాయి. తోక శరీరం కన్నా పొట్టి. చెవులు గుండ్రంగా, చిన్నవిగా ఉంటాయి. ముందుకాళ్ళ గోళ్ళు గట్టివి. అది ముందుకాళ్ళతో మట్టిని గోకి కిందికి లాగుతుంది, గట్టి గడ్డ అడ్డొస్తే పళ్ళతో పగలగొడుతుంది, వెనకకాళ్ళతో మట్టిని బయటికి తన్నుతుంది. మన గది మూలన కనిపించిన తట్టెడు మట్టి అలా వచ్చిందే.

దాని కలుగు ఒట్టి కన్నం కాదు. పైనుంచి దిగే దారి ఒకటి, అడ్డంగా పోయే సొరంగాలు కొన్ని, గడ్డీ పీచూ పరిచిన పురిటి గది, గింజలు దాచే గదులు, ఆపద వస్తే పారిపోవడానికి పల్చటి మట్టి పొరతో మూసి ఉంచిన చోరదారులు. లోపల ఉన్నప్పుడు ద్వారాన్ని మట్టితో మూసేసుకుంటుంది. పాముకూ ముంగిసకూ దారి దొరకదు, వాన నీరూ సులువుగా దిగదు. వెనకటి రోజుల్లో మన పెద్దలు జొన్నలు నేలలో పాతర వేసేవారు. ఆ పని పందికొక్కు పుట్టుకతోనే చేస్తోంది. వరి పొలంలో అది పక్వానికి వస్తున్న వెన్నుల్ని కోసి లోపలికి చేరవేస్తుంది. ఒక్క కలుగులో కిలోకు పైగా ధాన్యం దొరకడం వింత కాదు. కోతలయ్యాక గట్లు తవ్వి ఆ గింజలు ఏరుకుని గంజి కాచుకున్న బీదవాళ్ళు మన పల్లెల్లో ఉండేవారు. గింజ ఎవరి కష్టమో, ఎవరి నేలమాళిగలోకి పోయిందో, మళ్ళీ ఎవరు తవ్వి తెచ్చుకోవలసి వచ్చిందో ఆలోచిస్తే మనసు కలుక్కుమంటుంది.

సముద్రం అవతల అదే పని చేసే మరొకటి

ఇప్పుడు కాసేపు మన ఊరు వదిలి దక్షిణ అమెరికాకు వెళదాం. మన పందికొక్కును సరిగ్గా అర్థం చేసుకోవాలంటే అక్కడి తవ్వుడు జంతువుల్ని చూడాలి.

అర్జెంటీనా, ఉరుగ్వే, బొలీవియా మైదానాల్లో టుకో-టుకో అనే జంతువు ఉంది. నేల లోపలి నుంచి 'టుక్ టుక్' అని చేసే చప్పుడే దాని పేరైంది. సుమారు జానెడు పొడవు, బొద్దు శరీరం, చిన్న చెవులు, పొట్టి తోక, ముందుకాళ్ళకు పొడవాటి గోళ్ళు, నారింజ రంగు పెద్ద పళ్ళు. మన రైతు ఎవరైనా చూస్తే పందికొక్కు చెల్లెలు అంటాడు. దాని వెనకకాళ్ళ అంచున బిరుసు వెంట్రుకలు దువ్వెన పళ్ళలా వరసగా ఉంటాయి. శాస్త్రనామం టెనోమిస్ అంటే దువ్వెన ఎలుక అనే అర్థం. ఒంటికి అంటిన మట్టిని దులుపుకోవడానికి ఆ దువ్వెన పనికొస్తుంది. బతుకంతా దాదాపు నేల లోపలే. గడ్డి వేళ్ళూ కాండాలూ తిని బతుకుతుంది.

టుకో-టుకోల్లో అరవైకి పైగా జాతులు ఉన్నాయి. ఇన్ని ఎలా వచ్చాయి? కలుగు వదిలి దూరం పోని జంతువు కాబట్టి, ఒక లోయలో ఉన్నవి పక్క లోయలోని వాటితో కలవవు. కొద్దిపాటి జంతువులు తరతరాలుగా విడిగా ఉండిపోతే వాటిలో వచ్చిన మార్పులు అక్కడే నిలిచిపోతాయి. ఒక జాతి కణాల్లో 10 క్రోమోజోములే ఉంటే, మరో జాతిలో 70 దాకా ఉంటాయి. ఒకే ప్రజాతిలో ఇంత తేడా చాలా అరుదు.

బీగిల్ ఓడలో ప్రయాణించిన ఛార్లెస్ డార్విన్ ఉరుగ్వేలోని మాల్డొనాడో ప్రాంతంలో వీటిని గమనించాడు. చాలా టుకో-టుకోలు గుడ్డివని అక్కడివారు చెప్పారు. ఆయన బతికించి ఉంచిన ఒకటి నిజంగానే గుడ్డిది, కోసి చూస్తే కంటి పొర వాపు కారణమని తేలింది. మట్టిలో బతికే జీవికి కన్ను అవసరం తక్కువ, దానికి దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ. అలాంటి చోట చిన్న కన్నే మేలవుతుందని ఆయన 1859 నాటి తన గ్రంథంలో ఈ జంతువునే ఉదాహరణగా చూపాడు.

అదే మైదానాల్లో విస్కాచా అనే పెద్ద తవ్వుడు జంతువు కూడా ఉంది. గుంపులుగా బతుకుతుంది. ఒక్కొక్క గుంపు కలుగులు తరాల తరబడి వాడుకలో ఉంటాయి. కనబడిన ఎముకలు, రాళ్ళు, ఎండిన పేడ అన్నీ లాక్కొచ్చి ద్వారం దగ్గర కుప్ప వేస్తుంది. రాత్రి గుర్రం మీద పోతూ గడియారం పారేసుకున్న ఒకాయన, మర్నాడు దారి పక్కనున్న విస్కాచా కలుగులన్నీ వెతికితే గడియారం దొరికిందని డార్విన్ రాశాడు.

చుట్టరికం ఎవరితో?

ఇంతగా పోలిన పందికొక్కూ టుకో-టుకో దగ్గర చుట్టాలా? కావు. ఇక్కడే అసలు పాఠం ఉంది.

దక్షిణ అమెరికా ఖండం కోట్ల ఏళ్ళపాటు నాలుగువైపులా సముద్రంతో, ద్వీపంలా విడిగా ఉండేది. ఉత్తర అమెరికాతో దాన్ని కలిపే పనామా భూమార్గం పూర్తిగా ఏర్పడి సుమారు 30 లక్షల ఏళ్ళే అయింది. కానీ పెరూ దేశపు అమెజాన్ ప్రాంతంలో దొరికిన చిన్న చిన్న దంతాల శిలాజాలు, 4 కోట్ల ఏళ్ళకు అటూ ఇటూగానే కొరికే జంతువులు అక్కడికి చేరాయని చెబుతున్నాయి. ఎక్కడి నుంచి? ఆఫ్రికా నుంచే అని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. ఆ రోజుల్లో అట్లాంటిక్ సముద్రం ఇప్పటి కన్నా ఇరుకు. వరదల్లో కొట్టుకుపోయిన చెట్ల తెప్పల మీద కొన్ని జంతువులు ప్రాణాలతో అవతలి ఒడ్డు చేరి ఉంటాయి. ఆ కొద్దిపాటి కుటుంబం నుంచే గినీపిగ్గు, చించిల్లా, విస్కాచా, టుకో-టుకో, యాభై కిలోల బరువు తూగే కాపిబరా వచ్చాయి.

ఆఫ్రికా, ఆసియాల్లో మిగిలిపోయిన ఆ వంశం కొమ్మల్లో ఒకటి మన ఏదుపంది. అవును, మన తూర్పు కనుమల కొండల్లో రాత్రిపూట తిరిగే ముళ్ళ జంతువే. టుకో-టుకోకు మన పందికొక్కు కన్నా మన ఏదుపందే దగ్గర చుట్టం. సాక్ష్యం పుర్రెలో ఉంది. ఏదుపందికీ దక్షిణ అమెరికా జంతువులకూ కంటి గుంటకు ముందు ఎముకలో పెద్ద రంధ్రం ఉంటుంది. దవడను కదిపే బలమైన కండరంలో ఒక భాగం ఆ రంధ్రంలోంచి ముందుకు సాగి మూతి ఎముకకు అతుక్కుంటుంది. ఎలుకకూ పందికొక్కుకూ ఆ రంధ్రం సన్నని తాళం కన్నంలా ఉంటుంది. ఒంటి ఆకారం పనిని బట్టి మారిపోతుంది, కానీ పుర్రె లోపలి ఇలాంటి గుర్తులు ఎవరి వంశమో చెప్పేస్తాయి.

మన ఎలుకల, పందికొక్కుల వంశం కథ మన ఉపఖండంలోనే బాగా భద్రమై ఉంది. హిమాలయాల పాదాల దగ్గరి శివాలిక్ పొరల్లో, ఇప్పటి పాకిస్తాన్ భాగంలో, సుమారు 1.4 కోట్ల ఏళ్ళ నాటి ఎలుక దంతాలు దొరికాయి. ఈ వంశంలో మనకు తెలిసిన అతి పాత సాక్ష్యాల్లో అవి ఉన్నాయి. అంటే రెండు వంశాలూ ఎప్పుడో విడిపోయి, ఒకటి ఆసియా నేలలో, మరొకటి దక్షిణ అమెరికా నేలలో, ఒకరికొకరు తెలియకుండా ఒకే పనికి దిగాయి. నేల తవ్వే పని రెండిటికీ ఒకే రకం గోళ్ళనూ, భుజాలనూ, పొట్టి తోకనూ తెచ్చింది. ఉత్తర అమెరికాలో గోఫర్, ఆఫ్రికాలో మోల్ రాట్ కూడా ఇలాగే, వేరే వేరే కుటుంబాల నుంచి వచ్చి ఒకే మూసలో పడ్డాయి.

వంశం తేడా ఎక్కడ తెలుస్తుంది?

పురిటి గదిలో తెలుస్తుంది. గినీపిగ్గు రెండు నెలలు దాటి మోస్తుంది. పిల్ల కళ్ళు తెరుచుకుని, ఒంటి నిండా బొచ్చుతో, పళ్ళతో పుడుతుంది. టుకో-టుకో మూడు నెలలకు పైగా, విస్కాచా సుమారు అయిదు నెలలు మోస్తాయి. పిల్లలు తక్కువ.

పందికొక్కు దారి వేరు. సుమారు 23 రోజులు మోసి, ఆరేడు పిల్లల్ని, ఒక్కోసారి ఇంకా ఎక్కువమందిని కంటుంది. పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని పుడతాయి. కానీ మూడు నెలలు నిండేసరికి అవీ ఈతకు వస్తాయి. కన్న ఒకటి రెండు రోజుల్లోనే తల్లి మళ్ళీ చూలు కట్టగలదు. పొలంలో వరి పొట్ట దశకు వచ్చి తిండి బలం పెరిగే వేళ దీని సంతానం కూడా జోరందుకుంటుంది.

దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? విస్కాచాలను ఒక ఏడు వేటాడితే అవి కోలుకోవడానికి చాలాకాలం పడుతుంది. పందికొక్కుల్ని పదింట తొమ్మిదింటిని చంపినా, తిండీ చోటూ అలాగే ఉంటే కొద్ది నెలల్లో మళ్ళీ అంతే అవుతాయి. ఏడాదికి ఒకసారి మందు పెట్టి చేతులు దులుపుకుంటే చాలదని దాని పుట్టుకే చెబుతోంది. దానికి తిండి దొరక్కుండా చెయ్యాలి, తవ్వుకునే చోటు లేకుండా చెయ్యాలి.

లెక్క ఒకటి, జబ్బు ఒకటి

పావుకిలో బరువున్న పందికొక్కు రోజుకు తన బరువులో పదో వంతు, అంటే సుమారు 25 గ్రాముల గింజ తింటుందనుకోండి. నెలకు 750 గ్రాములు. ఏడు పందికొక్కులైతే 5 కిలోల పైమాటే. రేషను కార్డు మీద ఒక మనిషికి నెలకు ఇచ్చే బియ్యం 5 కిలోలు. అంటే గదిలో ఏడు పందికొక్కులు ఉంటే ఒక మనిషికి కార్డు రాసిచ్చినట్టే. ఇది తిన్న లెక్క మాత్రమే. ఒలకబోసి, మూత్రంతో పెంటికలతో పాడుచేసేది అంతకన్నా ఎక్కువ. మనం పారబోసిన మూడు బస్తాల్లో అది తిన్నది ఎంత? కొద్దిగానే.

మన అనకాపల్లి ప్రాంతానికి బెల్లం పేరు తెచ్చింది. 1913 నుంచి చెరకు పరిశోధన జరుగుతున్న చోటిది. చెరకు తోటలో పందికొక్కు మొదటి కణుపుల్ని కొరుకుతుంది. గడ కొంత తిని వదిలినా, ఆ గాయం దగ్గర రసం పులిసి, గడ పడిపోయి బెల్లానికి పనికిరాకుండా పోతుంది. వరిలోనూ అంతే.

ఇక జబ్బు. ఎలుకల, పందికొక్కుల మూత్రంలో లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది కలిసిన పొలం నీటిలో, మురుగులో పగిలిన కాళ్ళతో దిగితే ఒంట్లోకి ప్రవేశిస్తుంది. దానివల్ల వచ్చే జ్వరంలో పిక్కల నొప్పులు విపరీతంగా ఉంటాయి, కళ్ళు ఎర్రబడతాయి, ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. తొందరగా గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్ మందులతోనే నయమవుతుంది. మనం సాయం చేసే కుటుంబాల్లో వ్యవసాయ కూలీలూ, మురుగు పనివారూ చాలామంది ఉన్నారు. వానాకాలంలో జ్వరం వస్తే "నేను నీళ్ళలో దిగి పనిచేశాను" అని డాక్టరుకు చెప్పాలని వారికి నేర్పడం కూడా ఒక సదఖాయే.

దాని ఒంటిని చూసి మన గదిని కట్టుకోవాలి

ఇప్పటివరకు చెప్పుకున్నదంతా ఇక్కడికి తెచ్చి చూద్దాం. ప్రతి జాగ్రత్తకూ కారణం ఆ జంతువు ఒంట్లోనే ఉంది.

పన్నుకు అంచు కావాలి. కాబట్టి తలుపు అడుగు భాగానికి అడుగు ఎత్తున, రెండువైపులా, నున్నటి ఇనుప రేకు కొట్టించాలి. తలుపు కింద సందు చిటికెన వేలు కూడా దూరనంత తక్కువగా ఉండాలి. కిటికీలకూ తూములకూ సన్న కన్నాల ఇనుప జాలీ బిగించాలి. ప్లాస్టిక్ జాలీ దానికి ఫలహారం.

అది గోడ వెంట దిగి తవ్వుతుంది. కాబట్టి పునాది పక్కన రెండడుగుల లోతున ఇనుప జాలీ దింపి, అడుగున ఒక అడుగు బయటివైపుకు మడవాలి. కిందికి తవ్వుతూ వచ్చినది ఆ మడత దగ్గర ఆగిపోతుంది. వెనక్కి వెళ్ళి చుట్టూ తిరిగి రావాలన్న ఆలోచన దానికి తట్టదు.

దానికి నేల కావాలి. కాబట్టి బియ్యం ఉంచే అరుగు నేల నుంచి మూడడుగుల ఎత్తు ఉండి, పై అంచు జానెడు బయటికి పొడుచుకు రావాలి. మెట్లు కట్టకూడదు. వాడుకున్నప్పుడే పెట్టుకుని తీసేసే నిచ్చెన ఉండాలి.

దానికి చాటు కావాలి. మీసాలు గోడకు ఆనించుకుని గోడవారగా నడవడం దాని అలవాటు. కాబట్టి బస్తాలు గోడకు ఆనించకూడదు. చెక్క పలకల మీద పేర్చి, మనిషి నడిచి ఊడ్చేంత దూరం వదలాలి. పోయినేడు మనం చేసిన తప్పు ఇదే. ఎక్కువ రోజులు ఉండే సరుకుకు మూత గట్టిగా పడే ఇనుప డ్రమ్ములు మేలు.

ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడం సులువు. సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసి, పొద్దున్నే చూడండి. తెరుచుకున్న కన్నంలో మనిషి... అదే, జంతువు ఉంది. అక్కడ బోను పెట్టాలి. ఖాళీ కన్నాల్ని కంకర సిమెంటుతో పూడ్చెయ్యాలి.

పొలాల్లో రైతు సోదరులు చెయ్యాల్సింది కూడా ఈ దారిలోనిదే. గట్లు అడుగు వెడల్పుకు మించకుండా సన్నగా, గడ్డి లేకుండా ఉంచితే పందికొక్కు కలుగుకు చోటు చాలదు. వరి పొట్టకు రాకముందే, ఊరంతా కలిసి ఒకే వారంలో పట్టాలి. ఒక్కరే పడితే పక్క పొలంలోవి వచ్చి ఆ కలుగుల్లోనే కాపురం పెడతాయి. జెర్రిపోతునూ గుడ్లగూబనూ చంపకూడదు, అవి జీతం అడగని కాపలాదారులు. పశ్చిమ గోదావరిలోని మారుటేరు పరిశోధన స్థానం ఏళ్ళుగా పొలం ఎలుకల మీద పనిచేస్తోంది. వ్యవసాయ అధికారిని అడిగితే మన పంటకు తగిన సలహా దొరుకుతుంది.

మందు సంగతి

కమిటీలో మందు పెడదామన్న వారికి నా జవాబు ఇది. తినే బియ్యం ఉన్న గదిలో విషం వద్దు. ఒకసారి తిని బతికి బయటపడిన పందికొక్కు ఆ రుచిని గుర్తుపెట్టుకుని మళ్ళీ ముట్టదు. చచ్చినది కలుగు లోపల కుళ్ళుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మన గది వాకిట్లో చిన్నపిల్లలు ఆడుకుంటారు. దుకాణాల్లో దొరికే ఎలుకల పేస్టుల్లో కొన్నిటిలో ఉండే పసుపు భాస్వరం మనిషి కాలేయాన్ని పాడుచేస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. మూడు బస్తాల బియ్యం మళ్ళీ కొనుక్కోవచ్చు, బిడ్డను కొనుక్కోలేము. పొరపాటున ఎవరైనా తింటే, పైకి బాగున్నట్టు కనిపించినా, ఆ పేస్టు డబ్బా తీసుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

దాతలకు ఒక మాట

బస్తా ఇవ్వడం మన అందరికీ ఇష్టం. ఇచ్చినవారి పేరు చీటీ మీద ఉంటుంది, అందుకున్నవారి ముఖంలో సంతోషం కనిపిస్తుంది. అరుగు కట్టించడానికీ, జాలీ కొనడానికీ, డ్రమ్ముకు మూత చేయించడానికీ ఇచ్చిన డబ్బు ఎవరి కంటికీ కనిపించదు. కానీ ఆ మూత లేకపోతే ఇచ్చిన బస్తా ఎవరి నోటికి పోతుందో ఈ పాఠంలో చూశాం. కమిటీ ఈ ఏడాది సామాన్ల గది మరమ్మతుకు విడిగా విరాళం అడుగుతోంది. బియ్యం ఇవ్వాలనుకున్న మీరు అందులో కొంత భాగం ఈ పనికి మళ్ళించినా, అది కూడా బీదవాడి కంచంలోకే చేరుతుంది.

పందికొక్కు మీద నాకు కోపం లేదు. కోట్ల ఏళ్ళుగా దానికి అబ్బిన పని అది చేస్తోంది. అమానత్‌ను కాపాడే పని మాత్రం మనది. వచ్చే రంజాన్‌కు ఆ గది తలుపు తీసేటప్పుడు ఆ పెద్దామెను మళ్ళీ పిలుస్తాను. మూలన మట్టి లేదని ఆమె చెబితే, ఈ పాఠం మన సొసైటీకి వచ్చినట్టే, ఇన్షాఅల్లాహ్.